‘ఒక పరిశీలన’ – ఏం తెలుసుకుందామని?

తెలుగు శాఖల్లో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాల పేర్లు వరసగా చదవడం నాకొక అలవాటు. శోధ్‌గంగ వచ్చాక అది మరీ సులువైపోయింది. థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని అందరికీ అందుబాటులో ఉంచాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. అంతకుముందు శాఖ గ్రంథాలయంలో, తాళం వేసిన ఇనప బీరువాలో, నల్లటి అట్టమీద బంగారు అక్షరాలతో పడుండేవి. తాళంచెవి ఉన్న అటెండరు సెలవులో ఉండేవాడు. ఇప్పుడు మంచం మీద పడుకుని ఫోన్లో తిరగేయొచ్చు.

తిరగేస్తే ఏం కనిపిస్తుంది? ఫలానావారి కథలు – ఒక పరిశీలన. ఫలానావారి నవలలు – సమగ్ర పరిశీలన. ఫలానా కవిత్వం – సామాజిక స్పృహ. ఫలానావారి జీవితం – సాహిత్యం. కొంచెం కొత్తగా ఉండాలనుకుంటే ‘విశ్లేషణాత్మక అధ్యయనం’. ఇద్దరు రచయితలుంటే ‘తులనాత్మక పరిశీలన’. అన్నిటికీ మధ్యలో ఆ చిన్న అడ్డగీత. గీతకి ఎడమవైపు ఒక మనిషి, కుడివైపు ఒక మొహమాటం. ఈ పేర్లలో క్రియ ఉండదు, ప్రశ్న ఉండదు. పరిశీలన అనేది తనిఖీ అధికారి కూడా చేస్తాడు. పరిశోధకుడు అంతకన్నా ఎక్కువేదో చేస్తాడని కదా ఆ పేరు పెట్టుకున్నాం! ఇన్నేళ్ళు కూర్చుని ఏం తెలుసుకుందామనుకున్నాడు ఈ విద్యార్థి? ఆ సంగతి శీర్షిక చెప్పదు. తరచుగా లోపలి నాలుగొందల పేజీలూ చెప్పవు.

లోపలి నిర్మాణం తెలుగు ఎం.ఏ. చదివిన ఎవరికైనా తెలిసిందే. మొదటి అధ్యాయంలో రచయిత పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, అందుకున్న శాలువాలు. రెండోది ప్రక్రియ పుట్టుపూర్వోత్తరాలు. విషయం కథానిక అయితే ఋగ్వేదంలో మొదలై, బృహత్కథ, పంచతంత్రం మీదుగా 1910లో ‘దిద్దుబాటు’ దగ్గర కాసేపు ఆగి ముందుకు సాగుతుంది. మూడోది కథల సారాంశాలు. అసలు థీసిస్ బరువంతా ఇక్కడే. నాలుగులో పాత్రలు – స్త్రీపాత్రలు విడిగా, పురుషపాత్రలు విడిగా. ఐదులో భాష, శైలి, సామెతల పట్టిక. చివర ఉపసంహారం, అంటే ఈ రచయిత గొప్పవాడన్న తీర్పు. మొదటి పేజీ రాసేనాటికి పరిశోధకుడికి తెలియనిదేదీ ఆ చివరి పేజీల్లో ఉండదు.

మన సాహిత్య సభల్లో వీటి మీద జోకులు చాలా ఉన్నాయి. ఆ జోకులు నాకు నచ్చవు. ఎవరిని చూసి నవ్వుతున్నామో ఒకసారి చూసుకోవాలి. ఇవాళ తెలుగు శాఖల్లో పరిశోధన చేస్తున్నవాళ్ళలో చాలామంది ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనుషులు. కొందరైతే ఇంట్లో అక్షరం దిద్దిన మొదటి మనుషులు. వాళ్ళకి ఆసక్తి లేదని, తెలివి లేదని అనుకోవడం మన బద్ధకం. నేను చూసినంతలో ఆసక్తులున్నాయి, చాలా ఉన్నాయి. అవి థీసిస్‌లోకి రాకుండా గేటు దగ్గరే ఆగిపోతున్నాయి.

నాలుగైదేళ్ళ కిందట ఒక కుర్రాడు తన సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతి చూసిపెట్టమని పంపాడు. నల్లగొండ వైపు పిల్లవాడు. అంశం ఒక తెలంగాణ నవలాకారుడి రచనల్లో గ్రామీణ జీవిత చిత్రణ. షరా మామూలే. సారాంశాల మధ్య నా కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. నవలలో ‘మోకు’ అన్న మాట వచ్చింది. దానికి అధస్సూచిక ఇచ్చి, గీత కార్మికులు చెట్టెక్కడానికి వాడే లావుపాటి తాడు అని అర్థం రాసి, ఆధారంగా ఒక నిఘంటువు పేరూ పేజీ నంబరూ వేశాడు. ఫోన్ చేసినప్పుడు మాటల్లో తెలిసింది, వాళ్ళ నాన్న గీత కార్మికుడని. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన భుజం మీద ఉన్న తాడు అది. కొడుకు దాన్ని నిఘంటువులోంచి తెచ్చి రాశాడు.

“మీ నాన్న దగ్గర ఉన్నది రాయొచ్చుగా?” అన్నాను.

“సొంతంగ రాస్తే ఆధారమేది అంటరు సార్,” అన్నాడు. ఫిర్యాదు చేసినట్టు కూడా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత గంటసేపు మాట్లాడాం. ముత్తాదుకీ మోకుకీ తేడా, లొట్టి కట్టే తీరు, పోతుతాడుకీ పండుతాడుకీ కల్లు ఎలా మారుతుందో, ఏ చెట్టు ఎప్పుడు గీయాలో వాళ్ళ నాన్న దేన్నిబట్టి చెబుతాడో – ఆపకుండా చెప్పుకొచ్చాడు. చెట్టు దిగి వచ్చినవాళ్ళ మాటల్లో పొద్దుని కొలిచే పద్ధతే వేరట. అది వింటున్నంతసేపూ నాకు అనిపించింది, థీసిస్ ఇదిగో, ఇక్కడుంది. కాయితాల మీదున్నది దాని జెరాక్సు కూడా కాదు. ఆ నవలాకారుణ్ణి కూడా ఈ కుర్రాడు మనందరికంటే బాగా విమర్శించగలడు. ఎందుకంటే ఆ రచయిత ఎక్కడ చెట్టుని చూసి రాశాడో, ఎక్కడ చెట్టు గురించి విని రాశాడో ఇతనికి తెలుసు. ఆ తేడాని పట్టుకునే అధ్యాయం ఒక్కటీ అందులో లేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఆ సంగతి చెప్పకపోతే ఈ విమర్శకి న్యాయం ఉండదు.

బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేస్తానన్నప్పుడు ‘తెలుగు సాహిత్యం’ అంటే కావ్యాలు, ప్రబంధాలు. ఉస్మానియాలో ఆయన చేసిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో పుస్తకంగా వచ్చింది. దంపుళ్ళ పాట, ఊడుపు పాట, ఏడ్పు పాట కూడా పండితులు కూర్చుని చదవాల్సిన వాఙ్మయమే అని ఒప్పించడం ఆ థీసిస్ పని. అంటే దానికొక ప్రత్యర్థి ఉన్నాడు. ఎస్వీ జోగారావు యక్షగానాన్ని ఎత్తుకున్నా అంతే. సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అని పేరు పెట్టినప్పుడు ఆ రెండో సగంలోనే ఒక తగువు ఉంది. ఏది సంప్రదాయం, ఏది ప్రయోగం, ఒకటి ఇంకొకటిగా ఎప్పుడు మారుతుంది? పుస్తకం ఆ తగువుని అన్నిచోట్లా చివరిదాకా తీసుకెళ్ళిందని నేననను. కొన్ని అధ్యాయాలు మళ్ళీ జాబితాలే. కానీ గీతకి రెండువైపులా ఏదో ఒకటి ఉంది.

వెల్చేరు నారాయణరావు ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ 1978లో పుస్తకమైంది. అదీ పీహెచ్‌డీ పరిశోధనే. దాంతో పోట్లాడని తెలుగు విమర్శకుడు లేడు. ఒక సిద్ధాంత వ్యాసానికి అంతకన్నా గౌరవం ఏముంటుంది! కవుల చరిత్ర కాకుండా కవిత్వపు మార్పులకి ఒక ఆకారం ఉందా అని అడిగిన పుస్తకం అది. ఆయన చెప్పిన ఆకారాన్ని ఒప్పుకోని వాళ్ళు కూడా ఆ ప్రశ్నని వదిలించుకోలేకపోయారు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఇంకొకటుంది. దాన్ని సాహిత్య విమర్శ అని ఎవరూ అనరు. కేతు విశ్వనాథరెడ్డి డాక్టరేట్ ‘కడప ఊరి పేర్లు’ మీద. 1996లో కథలకి సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మనిషి, పరిశోధన విద్యార్థిగా తన జిల్లా ఊళ్ళ పేర్లు తీసుకుని కూర్చున్నాడు. పైపైన చూస్తే పొడి విషయం. కానీ కడప జిల్లా పటం ముందు పెట్టుకుని ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి. జమ్మలమడుగు. ఎర్రగుంట్ల. ఒంటిమిట్ట. రాజంపేట. వానకోసం ఆకాశం వైపు చూసే నేలలో మడుగులు, గుంటలు! పేరు పెట్టినప్పుడు అక్కడ నీళ్ళున్నాయా? లేక నీళ్ళు అరుదు కాబట్టే ఉన్న చిన్న గుంట ఊరంతటికీ పేరైందా? మిట్ట అంటే ఎవరికి మిట్ట, ఏ పల్లంలో నిలబడి చూస్తే? ఈ ప్రశ్నలు నావి, కేతు పుస్తకంలోవని చెప్పడం లేదు. ఆ అంశం తీసుకోవడంతోటే ఇలాంటి ప్రశ్నలు తలుపు తట్టడం మొదలుపెడతాయి అంటున్నాను. ఆ తర్వాత ఆయన కథల్లో కరువు సీమని చదివేటప్పుడు, ఊరి పేరు కూడా ఒక పాత్రే అని గుర్తుపట్టిన మనిషి రాస్తున్నాడని తెలుస్తూ ఉంటుంది. పరిశోధనా, కథా ఒకే ఆసక్తికి రెండు చేతులు.

భద్రిరాజు కృష్ణమూర్తిది మరో దారి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన డాక్టరేట్ పని తెలుగు క్రియాధాతువుల మీద. అది 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. ధాతువులంటే పూర్తిగా పుస్తకాల గదిలో పని. మరుసటి ఏడాదే, 1962లో, ఆయన నిర్వహణలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయ పదాలతో. చేనేత సంపుటం 1971లో. రైతుల దగ్గరికి, నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి, నాగలిలో ఈ కర్రని మీ ఊళ్ళో ఏమంటారు, మగ్గంలో ఈ పలకని ఏమంటారు అని అడిగి కూర్చిన కోశాలవి. నల్లగొండ కుర్రాడి అధస్సూచిక చూసినప్పుడు నాకు వెంటనే ఇవే గుర్తొచ్చాయి. నిఘంటువుకి ఆధారం రైతు నోరు. ఇప్పుడు కొడుకు నోటికి నిఘంటువు ఆధారం కావాల్సొచ్చింది. అరవై ఏళ్ళలో వాగు ఎటు పారుతోందో చూడండి.

అయితే తెలుగు శాఖలొక్కటే ఇలా ఉన్నాయని, సైన్సువాళ్ళు అంతా ప్రశ్నల్లో మునిగి తేలుతుంటారని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే. అక్కడా ‘ఫలానా పదార్థం తయారీ – లక్షణాల అధ్యయనం’ అనే రకం కుప్పలు కుప్పలు. పదార్థం మారుతుంది, మిగతాది అలాగే ఉంటుంది. కాకపోతే అక్కడ మనవాళ్ళ కథలు రెండు, ఆసక్తి అనేది ఎలా పనిచేస్తుందో చూపిస్తాయి. ఆ కథలు మనం చెప్పుకునేటప్పుడు గర్వానికి వాడతాం గాని పరిశోధన గురించి వాడం.

కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అది దొరక్క, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళింది గణితం పని మీద కాదు, ఎముకల పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర తవ్వకాల్లో బయటపడ్డ పాతకాలపు అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటి కొలతలు తీసుకుని ఆ మనుషులు ఎవరికి దగ్గరో చెప్పాలి. ఆ పనిలో ఆయనతోపాటు కలకత్తా నుంచి వెళ్ళింది, తర్వాత సమాజశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న రామకృష్ణ ముఖర్జీ. పగలు ఎముకలు, మిగతా వేళల్లో ఫిషర్ దగ్గర పరిశోధన. 1948లో ఇచ్చిన థీసిస్ జీవశాస్త్ర వర్గీకరణలో వచ్చే గణాంక సమస్యల మీద. చూడండి, పుర్రె చేతిలో ఉంది కాబట్టి ప్రశ్న వచ్చింది. ఒక మనిషిని ఏ గుంపులో వెయ్యాలి, తప్పు గుంపులో వేసే అవకాశం ఎంత? ఇవాళ యంత్రాలకి నేర్పించే వర్గీకరణ పద్ధతుల్లో ఆ ప్రశ్నే తిరుగుతోంది.

అంతకుముందు కలకత్తాలో ఆయన పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, మీరు చెప్పిన ఫలితం నమూనా చాలా పెద్దదైనప్పుడు కదా, చిన్న నమూనాకి ఏమవుతుంది అని అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా ప్రసిద్ధుడైన వి.ఎం. దండేకర్. జవాబు తెలియక ఆ రాత్రి కూర్చుని సాధించింది ఇవాళ క్రామర్–రావు అసమానతగా పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1945లో అచ్చయింది. దీంట్లో నాకు ముఖ్యమైనది రావుగారి మేధ కాదు, అది అందరికీ తెలుసు. ఒక విద్యార్థి అడిగాడు, ఉపాధ్యాయుడు ‘సిలబస్‌లో లేదు’ అనలేదు. అంతే.

ఎల్లాప్రగడ సుబ్బారావుది ఇంకా చిన్న ప్రశ్న. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన 1925లో అచ్చువేసింది రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి. మానవ శ్రేయస్సు, సమగ్ర అధ్యయనం లాంటి పెద్ద మాటలేమీ లేవు. ఎంతుంది, ఎలా కొలవాలి? కొలవడం చేతనయ్యాక కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ కనిపించింది. ఆ తర్వాత 1929లో ఏటీపీ. డాక్టరేట్ వచ్చింది 1930లో. అంటే ఈ పనులన్నీ పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పటివే. మన థీసిస్‌లు ‘సమగ్ర’ అన్న మాట మీద ఎంత మోజు పడతాయో తల్చుకుంటే ఈ చిన్న ప్రశ్న మీద నాకు ఇంకా గౌరవం పెరుగుతుంది. సమగ్రంగా పరిశీలించేవాడికి ఎక్కడ ఆగాలో తెలియదు, కాబట్టి ఎక్కడ తవ్వాలో కూడా తెలియదు.

ఇక్కడే ఎం.ఫిల్ గురించి ఒక మాట. 2020 విద్యా విధానం దాన్ని తీసేయాలంది, 2022 యూజీసీ నిబంధనల్లో అది పోయింది. చాలామంది మంచిదే అన్నారు, రెండేళ్ళు ఆదా అని. నాకలా అనిపించదు. మన శాఖల్లో చిన్న ప్రశ్న అడగడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు అది. ఒక్క కథ మీద, ఒక్క ఊరి పాటల మీద నూరు పేజీలు రాయొచ్చు. రాసి, చెడగొట్టి, నేర్చుకోవచ్చు. ఇప్పుడు ఎం.ఏ. నుంచి నేరుగా ‘సమగ్ర పరిశీలన’లోకి దూకాలి.

ఆసక్తి ఉంటే చాలు అనడం కూడా ఒక రకం దాష్టీకమే. కడుపు సంగతి ఎవరు చూస్తారు? నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చినవాడికి 2023 నుంచి నెలకి 37,000. అది రానివాడికి, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే, నాన్‌నెట్ ఫెలోషిప్ 8,000. దాన్నీ ఆపేయాలని యూజీసీ నిర్ణయించినప్పుడు 2015లో ఢిల్లీలో విద్యార్థులు దాని కార్యాలయం ముందు చలిలో కూర్చున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. పార్ట్‌టైమ్ లెక్చరర్ ఉద్యోగం, శని ఆదివారాలు థీసిస్. ఇలాంటి స్థితిలో పొలాల గట్ల మీద తిరిగి మాటలు ఏరుకొచ్చే అంశం తీసుకోమని చెప్పడానికి నాకేం అధికారం ఉంది? బతికున్న రచయిత మీద అంశం తీసుకుంటే పుస్తకాలు ఆయనే ఇస్తాడు, ఇంటర్వ్యూ ఇస్తాడు, వైవా అయ్యాక సభ పెట్టి థీసిస్ పుస్తకం ఆవిష్కరిస్తాడు. బస్సు ఛార్జీ కూడా కలిసొస్తుంది. ‘ఒక పరిశీలన’ అనే మాటని నేను మొహమాటం అన్నాను. ఆ మొహమాటానికి ఒక ఆర్థికశాస్త్రం ఉంది.

రోహిత్ వేముల గురించి వేల పేజీలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అతను జీవశాస్త్రంలో మొదలుపెట్టి, విజ్ఞానశాస్త్రానికీ సమాజానికీ ఉన్న సంబంధం చదవడానికి మారాడన్నది ఆ పేజీల్లో ఒక వాక్యమై పోతుంది. నాకది వాక్యం కాదు. ప్రయోగశాల లోపల ఉన్నవాడు బయటికొచ్చి, ఈ గది ఎవరిది, ఇందులోకి ఎవరొస్తారు అని అడగాలనుకోవడం, అచ్చంగా ఆసక్తి అన్న మాటకి అర్థం. చివరి నెలల్లో అతనికి ఫెలోషిప్ అందలేదు. 2016 జనవరి 17 తర్వాత ఆ థీసిస్ లేదు. అతని మరణాన్ని గుర్తుచేసుకునేవాళ్ళం ఆ రాయని థీసిస్‌ని కూడా గుర్తుచేసుకోవాలి కదా.

బయటివాళ్ళు మన మీద చేసిన పరిశోధనల సంగతి ఎత్తితే మనవాళ్ళకి కోపం వస్తుంది. నాక్కూడా కొంత వస్తుంది. కానీ ఎత్తాలి. జీన్ రోగేర్ పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలేయ్య పాడగా వీరుల కథని రికార్డు చేసుకుని, 1982లో పుస్తకం వేశాడు. శ్రీనాథుడి పల్నాటి కథ మీద మనం ఎన్ని పరిశీలనలు చేశామో లెక్కలేదు. గాలేయ్య మాత్రం కారంపూడి పక్కనే మనకి కనపడకుండా పాడుకుంటూ ఉన్నాడు. సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాలు ముందేసుకుని, దానాలిచ్చినవాళ్ళు తమని తాము ఏమని చెప్పుకున్నారో చూసింది. వర్ణం పేరు చెప్పుకున్నవాళ్ళు తక్కువ; నాయకుడు, సెట్టి, బోయ లాంటి బిరుదులు ఎక్కువ. అయితే ఆనాటి సమాజం మనం పాఠాల్లో చెప్పుకునే సమాజమేనా అన్న అనుమానం మొదలవుతుంది. లిసా మిచెల్ ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న అడిగింది. 1952లో భాష పేరు మీద మనిషి ప్రాణం ఇచ్చే స్థితి ఎలా వచ్చింది? తెలుగు ‘మాతృభాష’ ఎప్పటినుంచి అయింది? ఆమె జవాబులో నాకు అభ్యంతరాలున్నాయి. భాష మీద మమకారాన్ని పందొమ్మిదో శతాబ్దపు మలుపుకి మరీ ఎక్కువగా ముడిపెట్టింది అనిపిస్తుంది. కానీ ఆ అభ్యంతరం రాయాలంటే ముందు ఆ ప్రశ్నలో దిగాలి. మనం ‘తెలుగు తల్లి గీతాలు – ఒక పరిశీలన’ దగ్గర ఆగితే దిగలేం.

వాళ్ళు తెల్లవాళ్ళు కాబట్టి ప్రశ్న వచ్చిందనడం పిచ్చిమాట. భాష నేర్చుకోవడానికి జీతం, ఊళ్ళో ఏడాది ఉండడానికి డబ్బు, తిరిగెళ్ళాక ‘ఏమిటి నీ వాదం?’ అని మెడ పట్టుకునే కమిటీ, ఇవి మూడూ ఉన్నాయి వాళ్ళకి. మనకి ఉన్నదల్లా సారూప్యత కొలిచే సాఫ్ట్‌వేర్. 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపుంటే క్షేమం. ఎక్కడినుంచో ఎత్తి రాసిన వాక్యాన్ని అది పట్టుకోగలదు. ప్రశ్న లేని థీసిస్‌ని పట్టుకునే యంత్రం ఇంకా రాలేదు.

రకరకాల శాఖల విద్యార్థులు ఒకే ఊరికి కలిసి వెళ్ళిన కాలం కూడా మనకి ఉంది. 1951–52లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే నడిపిన బృందం శామీర్‌పేటలో దిగింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, ఆర్ట్స్ – ఎవరి విద్య వాళ్ళది, ఊరు మాత్రం ఒక్కటే. దాంట్లోంచి వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో అచ్చయింది. తెలుగువాళ్ళ ఊరు గురించి ప్రపంచం చదివిన ఆ పుస్తకాన్ని మన తెలుగు శాఖలో ‘గ్రామీణ జీవిత చిత్రణ’ రాసే విద్యార్థుల ఉపయుక్త గ్రంథాల పట్టికలో నేను వెతుకుతూ ఉంటాను. దొరకడం అరుదు. సాహిత్యం సాహిత్యమే చదవాలని ఎవరు చెప్పారో మరి.

దీనికి మరో కొస ఉంది. అమెరికాలో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్సు పరిశోధనలకని వెళ్ళిన మన పిల్లలది. రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లో, ఎవరూ అడక్కుండానే, ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ తయారుచేశారు. ఆర్.ఐ.టి. అన్న పేరులో మొదటి అక్షరం ఆ రైస్‌దే. వాళ్ళ థీసిస్‌లు ఏమిటో ఇవాళ ఎందరికి గుర్తు? ఈ పక్కపని మాత్రం తెలుగు సాహిత్యం ఇంటర్నెట్‌లోకి రావడానికి దారులు వేసినవాటిలో ఒకటి. మీరు ఈ పత్రికలో ఈ వాక్యం చదువుతున్నారంటే అందులో ఆ పక్కపనికీ కొంత వాటా ఉంది. డిగ్రీకి లెక్కకొచ్చే పని, మనసు పెట్టి చేసే పని వేరువేరు కావడం తెలుగు శాఖల జబ్బొక్కటే కాదన్నమాట. కాకపోతే అక్కడ పక్కపని చేసుకునే తీరిక, కంప్యూటరు ఉన్నాయి.

ఎవరైనా పరిశోధక విద్యార్థి కనిపిస్తే, ఏ శాఖవాడైనా, నేనో పని చెబుతుంటాను. నీ పరిశోధన ఏమిటో మీ అమ్మకి అర్థమయ్యేటట్టు రెండు తెలుగు వాక్యాల్లో చెప్పు. సైన్సువాళ్ళు ముందు తడబడతారు, తర్వాత చాలామంది చెప్పేస్తారు. పాలిమర్ల మీద పనిచేసే ఒకమ్మాయి, “నీళ్ళు పీల్చుకుని ఉబ్బే జిగురు అమ్మా, పుండు మీద వేస్తే మందుని కొంచెం కొంచెంగా వదుల్తుంది, ఎంత సేపటికి ఎంత వదుల్తుందో చూస్తున్నాను,” అంది. శుభ్రమైన తెలుగు, శుభ్రమైన ప్రశ్న. ఎక్కువ ఇబ్బంది పడేది తెలుగు శాఖవాళ్ళే. అంతా తెలుగే అయినా అమ్మకి చెప్పడానికి వాక్యం దొరకదు. ‘ఫలానావారి నవలలు పరిశీలిస్తున్నాను’ అంటే, ‘పరిశీలించి?’ అంటుంది అమ్మ. వైవాలో అడగాల్సిన ప్రశ్న అదే.

నల్లగొండ కుర్రాడికి డాక్టరేట్ వచ్చింది. ఇప్పుడొక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి స్టడీ అవర్స్ అయ్యాకే ఇల్లు. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, నాన్న దగ్గరి మాటలు రాస్తున్నావా అని. ఆదివారాలు రాస్తున్నాడట. పాత సంవత్సరం డైరీలో, పెన్సిల్‌తో. నూట నలభై దాకా అయ్యాయి. కొన్నిటికి ఇంగ్లీషులోనే కాదు, పుస్తకాల తెలుగులో కూడా మాట లేదు సార్, బొమ్మ గీస్తున్న అన్నాడు. వాళ్ళ నాన్నకి మోకాళ్ళ నొప్పులు, చెట్లెక్కడం తగ్గించాడు. పక్కూళ్ళో ఇంకో పెద్దాయన ఉన్నాడట, ఆయనకి ఇంకా ఎక్కువ తెలుసట. వేసవి సెలవులివ్వగానే వెళ్ళాలి అంటున్నాడు. కాలేజీవాళ్ళు ఎన్ని రోజులు సెలవిస్తారో ఇంకా చెప్పలేదు.